తెల్లబట్ట అంటే ఎన్ని మీటర్లు?

జూలై 14, ఆదివారం. ఉదయం టిఫిన్ వేళ. ఫిల్మ్ నగర్‌లోని మా ఇంటి ముందు గది.

హాజరైనవారు: నేను. మా ఆయన. మా అబ్బాయి. మా కోడలు. కోడలి తల్లి, అంటే మా వియ్యపురాలు, తణుకు నుంచి కూతుర్ని చూడటానికి వచ్చింది. జూబ్లీహిల్స్‌లో ఆరోగ్య కేంద్రం నడిపే ఒకామె, కోడలు యోగా నేర్చుకునేచోట పరిచయం. వంటింటి గట్టు మీద పొంగిన ఇడ్లీపిండి గిన్నె కూడా ఉంది. ఆ రోజు అందరికంటే ఎక్కువ తిట్లు తిన్నది అదే.

ఎవరెవరు ఉన్నారో ముందు రాసుకోవడం నాకు సినిమా పని నేర్పిన అలవాటు. నేను కాస్ట్యూమ్స్ విభాగంలో పనిచేశాను. ఏ సీనులో ఎవరున్నారు, ఎవరి ఒంటి మీద ఏ బట్ట, ఏ బొత్తాం ఊడి ఉంది, కొంగు ఏ భుజం మీద ఉంది, అన్నీ రాసి పెట్టుకోకపోతే తలుపు బయట ఎర్ర చీరలో ఉన్న హీరోయిన్ గుమ్మం దాటేసరికి ఆకుపచ్చ చీరలో ఉంటుంది. బయటి సీను ఒక నెలలో, లోపలి సీను ఇంకో నెలలో తీస్తారు కదా. దాన్నే మేము కంటిన్యుటీ అంటాం. ఆ పని నుంచి రిటైరయ్యాను గాని రాయడం నుంచి కాలేదు.

ఆ ఆదివారం అందరూ కూర్చున్నది నా జబ్బు గురించి మాట్లాడటానికి. ఆ గదిలో ఎవరూ దాన్ని పేరుపెట్టి పిలవలేదు కనుక నేనిక్కడ రాస్తాను. నాకు యోనిలో ఈస్ట్ పెరుగుతోంది. ఈస్ట్ ఒక రకం ఫంగస్. అందరి ఒంట్లోనూ కొంత ఉంటుందట, షుగరున్నవాళ్లలో హద్దు మీరుతుందట. మంట, దురద, విరిగిన పాలలాంటి తెల్లబట్ట. మందు వాడితే తగ్గుతుంది, మందు ఆపితే వస్తుంది. రెండేళ్లుగా ఇదే వరస.

రెండేళ్లూ దీనితో ఎలా నెట్టుకొచ్చానంటే, కుర్చీ చూసి కూర్చునేదాన్ని. రెగ్జిన్ సోఫా ఉన్న ఇంటికి పేరంటానికి పిలిస్తే పనుందని చెప్పేదాన్ని. స్నానం తర్వాత పూర్తిగా ఆరేదాకా ఫ్యాను కింద నిలబడేదాన్ని. పాలియెస్టర్ లంగాలన్నీ తీసేసి పాత కాటన్ చీరలు చించి కొత్తవి కుట్టుకున్నాను. మొదట్లో మందుల షాపులో "దురదకు ఏదైనా ఇవ్వు" అంటే ఒక ట్యూబు ఇచ్చాడు. రాస్తే చల్లగా హాయిగా ఉండేది, వారానికి దురద రెట్టింపయ్యేది. అందులో స్టెరాయిడ్ కలిసి ఉందని, అది ఫంగస్‌కు ఎరువు లాంటిదని తర్వాత తెలిసింది. డెట్టాల్‌తో కడుక్కుంటే మంట మీద కారం చల్లినట్టయింది.

చివరికి వెంగళరావు నగర్‌లో ఒక లేడీ డాక్టరు దగ్గరికి వెళ్లాను. ఆమె దూదిపుల్లతో నమూనా తీసి పరీక్షకు పంపింది, ఫంగసేనని తేల్చింది. నేను వేసుకునే మాత్రలన్నీ బల్ల మీద పెట్టించి ఒకదాన్ని పక్కకు జరిపింది. రెండేళ్ల కిందట గుండె పరీక్ష తర్వాత మా షుగర్ డాక్టరు కొత్తగా మొదలుపెట్టిన మాత్ర అది. "ఇది రక్తంలో చక్కెరను మూత్రంలోకి తోసేస్తుందమ్మా. గుండెకు, కిడ్నీలకు మంచిదే. కానీ మీ ఫంగస్‌కు రోజూ పాయసం వడ్డించినట్టు. మీ అంతట మీరు ఆపకండి. మీ షుగర్ డాక్టరుకి చెప్పండి, ఆయన మారుస్తారు" అంది. ఈలోగా లోపల పెట్టుకునే మాత్రలు, ఆ తర్వాత వారానికొకటి చొప్పున ఆర్నెల్లు మింగే మాత్రలు రాసిచ్చింది.

ఇంతే చేయాల్సింది. చెప్పాలి. ఆ షుగర్ డాక్టరు మగవాడు. నన్ను తీసుకెళ్లేది మా అబ్బాయి, గదిలో నా పక్క కుర్చీలోనే కూర్చుంటాడు, రిపోర్టులన్నీ వాడి ఫోన్లోనే ఉంటాయి. వెళ్లాల్సింది సోమవారం పొద్దున. ఈ సంగతి నేను చెప్పింది కోడలికి ఒక్కదానికే. ఆ పిల్ల మంచి మనసుతోనే ఆలోచించింది. "ఆ డాక్టరు ముందర, మీ అబ్బాయి ముందర ఎలా చెప్తారు అత్తయ్యా? డైట్‌తోనే పోతుందట, మాకు తెలిసినావిడ ఉంది" అని ఆదివారం ఆమెను ఇంటికి పిలిచింది.

ఆమె వచ్చింది. చక్కటి లినెన్ కుర్తా, కుట్టు కూడా శుభ్రంగా ఉంది. మంచినీళ్లు తప్ప ఏమీ తీసుకోలేదు. వంటింటివైపు చూసి పిండిగిన్నెను కనిపెట్టింది.

"అదే ఆంటీ అసలు విలన్. రోజూ పులిసిన పిండి తింటే అదే మీ లోపల కూడా పులుస్తూ ఉంటుంది."

"నా లోపల ఉన్నది గ్రైండర్ కాదు బిడ్డా" అన్నాను.

కోడలు నవ్వు ఆపుకుంది. వచ్చినామె ఆగలేదు. ఇడ్లీ, దోసె బంద్. పెరుగు బంద్. ఆవకాయ, బ్రెడ్డు, అన్నం, పండ్లు బంద్. రెండు నెలలు ఒళ్లంతా "క్లీన్" కావాలట. పొద్దున్నే ఒక పొడి, రాత్రి ఒక పొడి.

మా వియ్యపురాలు బుగ్గన చెయ్యి పెట్టుకుంది. "అన్నం మానేసి, పెరుగూ మానేస్తే ఇంక ముద్ద ఎలా దిగుతుందండీ?"

"ఇగ ఏం తింటది మరి? గాలి మింగుతదా?" అన్నాడు మా ఆయన.

"ఇంకో ఇంపార్టెంట్ పాయింట్" అంది ఆమె. "కెమికల్స్ అన్నీ స్లోగా ఆపేద్దాం. షుగర్ టాబ్లెట్స్‌తో సహా. బాడీ తనను తానే హీల్ చేసుకుంటుంది."

అప్పటిదాకా నాకు వినోదంగానే ఉంది. ఈ మాటతో ఆ వినోదం పోయింది. మా అబ్బాయి తల వూపుతున్నాడు. వాడు విని వూపుతున్నాడా, ఫోను చూస్తూ వూపుతున్నాడా తెలియలేదు. ఈలోగా మా ఆయన మోకాలి మీద చెయ్యి చరుచుకున్నాడు.

"ఒక్క కడుపుల మంటకు గింత కథ ఎందుకు? వాము నీళ్లు తాగు, వాము నీళ్లు తాగు అని రెండేండ్ల సంది మొత్తుకుంటున్న. ఇంటదా?"

నేను ఆయన వైపు తిరిగాను.

"కడుపా?" అన్నాను.

"మరి? లోపల మంట అన్నవ్ గదా. లోపలంటే కడుపే గదా."

వియ్యపురాలు పమిట నోటికి అడ్డం పెట్టుకుంది. కోడలు గోడ మీద క్యాలెండరు చదువుతోంది. మా అబ్బాయి "నాన్నా, వదిలెయ్ ఇగ" అన్నాడు. అంటే వాడికి ఎంతోకొంత తెలుసు. తెలిసినవాళ్లు 'అక్కడ' అంటున్నారు, తెలియనాయన 'లోపల' విని వాము నూరుతున్నాడు. పాపం, నిజంగానే రెండేళ్లు నూరాడు. పొద్దున లేచేసరికి గ్లాసు మూతపెట్టి ఉండేది. దాన్ని నేను సింకులో పోసి, ఆయన మీద విసుక్కునేదాన్ని.

"కడుపు కాదయ్యా. తెల్లబట్ట" అన్నాను. గట్టిగానే అన్నాను.

ఆ మాటను మగవాళ్లు వింటుండగా అనడం నా జన్మలో అది రెండోసారి. మొదటిసారి ఏమైందో కూడా చెప్పాలి.

అప్పట్లో జూబ్లీహిల్స్‌లో ఒక పెద్ద బంగళా తోటలో వాన పాట తీస్తున్నాం. ట్యాంకర్లతో నీళ్లు తెచ్చి పైపుల్లోంచి వాన కురిపిస్తారు. గ్రూపు డాన్సర్ల ఒంటి మీద నైలాన్ బట్టలు, ఒంటికి అతుక్కునేలా బిగుతుగా కుట్టినవి. పొద్దున తడిస్తే చీకటి పడేదాకా ఆ తడిలోనే. షాటుకు షాటుకు మధ్య మార్చుకోవడానికి లేదు. మారిస్తే తడి మరక మారుతుంది, కంటిన్యుటీ పోతుంది. బంగళాలో బాత్రూములు హీరోయిన్‌కు, డైరెక్టరుకు. ఈ పిల్లలకు వాచ్‌మన్ గది వెనక ఒకటి చూపించారు. అక్కడికి పోలేక వాళ్లు మంచినీళ్లే తాగడం మానేశారు. "అక్కా, జర పక్కకు రా" అని ఒకరి తర్వాత ఒకరు వచ్చి చెవిలో చెప్పుకునేవారు. వాళ్ల పావడాలు సర్దుతూ నేను కూడా రోజంతా ఆ నీళ్లలోనే. నాకూ అదే దురద మొదలైంది.

ప్రొడక్షన్ మేనేజరు కోస్తా మనిషి. కోపం తక్కువ, హడావిడి ఎక్కువ. ఆయన దగ్గరికి పోయి, "సార్, నాకు తెల్లబట్ట అయితుంది. రేపు రాను" అన్నాను.

ఆయన చెవి మీది పెన్సిలు తీశాడు. "తెల్లబట్ట అయిపోయిందా? ఎన్ని మీటర్లు కావాలో చెప్పమ్మా, తెప్పిస్తాను. దానికి నువ్వు మానెయ్యడం దేనికి?"

మా వైపు 'అయితుంది' అంటే అవుతోందని. ఆయనకు 'అయిపోతోంది' అని వినబడింది. వెనకాల గ్రూపు పిల్లలు ఒకరి మీద ఒకరు పడి నవ్వుతున్నారు. ఆయన పెన్సిలు పట్టుకుని నిలబడ్డాడు. వివరించి చెబుదామని నోరు తెరిచాను. ఆ మొహం చూశాక వివరించాలనిపించలేదు.

"పెద్ద తాను తెప్పియ్యండి సార్. మల్లు గుడ్డ, సన్న నూలుది" అన్నాను.

మరునాడు పొద్దున్నే తాను వచ్చింది. సెలవు మాత్రం రాలేదు. ఆ గుడ్డతో నేను ప్రతి పిల్లకీ రెండేసి లోపలి లంగాలు కుట్టాను. పైన నైలాన్ తడి అలాగే ఉంటుంది, షాటు గ్యాపులో లోపలిది విప్పి ఆరినది కట్టుకోవచ్చు. కెమెరాకు కనబడని చోట కంటిన్యుటీ ఏమిటి? అడిగినవాళ్లకు లైనింగ్ అని చెప్పాను. ఆ పాట అయ్యేదాకా ఏ పిల్లా నన్ను పక్కకు పిలవలేదు. తర్వాత నేను పనిచేసిన ప్రతి వాన పాటకీ మల్లు గుడ్డ ముందే అడిగి తీసుకున్నాను. మేనేజరుకు ఎప్పటికీ అర్థం కాలేదు. ఎప్పుడు కనిపించినా "ఏమ్మా, తెల్లబట్ట సరిపోయిందా?" అని పెద్దగా అడిగేవాడు. నేను కూడా పెద్దగానే జవాబిచ్చేదాన్ని.

ఆ వయసులో అంత ధైర్యంగా ఉన్నదాన్ని ఈ వయసులో సోఫాలు చూసి భయపడుతున్నానేమిటి అని ఆ ఆదివారం నాకే కోపం వచ్చింది.

"నీ కేంద్రం ఏ ఇంట్ల ఉన్నది బిడ్డా?" అని అడిగాను. చెప్పింది. ఆ బంగళా కాదు, దానికి రెండిళ్ల అవతల. అయినా ఆ వీధి నాకు బాగా తెలుసు.

"తీపి తగ్గించాలె అన్నవ్, అది నిజం. మా డాక్టరు కూడా అదే చెప్తడు, నేను తగ్గించిన. కానీ ఇడ్లీ నా జోలికి రాలేదు. నేను దాన్ని ఇడవ. షుగర్ మాత్ర ఆపమన్నవ్. ఆపినంక నా గుండెకు ఏమన్నా అయితే నీ పొడి పట్టుకొని నువ్వొస్తవా?"

"ఆంటీ, మీరు చాలా నెగటివ్‌గా ఆలోచిస్తున్నారు."

"దురద పెట్టే మనిషి పాజిటివ్‌గా ఉండదు. ఒక్కరోజు నువ్వుండి చూడు."

మా ఆయన దగ్గాడు. అది నవ్వని నాకు తెలుసు. ఆమె మర్యాదగానే లేచింది, కోడలికి "ఆలోచించుకుని చెప్పు" అని వెళ్లింది. కోడలి మొహం చిన్నబోయింది. దాని భుజం తట్టి, "నువ్వు పిలవకపోతే ఈ మాట ఇవాళ బయటికి రాకపోతుండె. పో, ఇడ్లీ పెట్టు" అన్నాను.

తిన్నాం. నేను మూడు తిన్నాను, పల్లీల చట్నీతో.

వియ్యపురాలు నా వెనకే వంటింట్లోకి వచ్చింది. "అయినా వదినగారూ, ఎదిగిన కొడుకు ముందర ఆ మాట అనేశారేంటండీ? నాకైతే ఒళ్లంతా ముడుచుకుపోయిందనుకోండి."

"ఆ కొడుకును కన్నది కూడా ఆడి నుంచే గదా వదినె."

"అబ్బే, మీతో వాదించలేనండీ బాబూ" అని గిన్నెలు సర్దడం మొదలుపెట్టింది. కాసేపటికి, నావైపు చూడకుండా, "ఆ లేడీ డాక్టరు గారు ఆదివారాలు కూడా చూస్తారేంటండీ?" అని అడిగింది.

"ఎవరికి?"

"ఊరికే. తెలుసుకుందామని."

చూడదని, సోమవారం నుంచి సాయంత్రాలు ఉంటుందని చెప్పాను.

మధ్యాహ్నం మా ఆయన బాల్కనీలో నా పక్కన కూర్చున్నాడు. రెండేళ్ల కిందటే నేను మంచం వేరుగా వేసుకున్నాను. రాత్రిళ్లు లేచి కడుక్కోవడం, పక్క బట్టలు మార్చడం, ఆయనకు నిద్ర చెడుతుందని. కారణం చెప్పలేదు.

"నీకు నా మీద కోపమొచ్చిందనుకున్ననే" అన్నాడు. "ఏం తప్పు జేసిన్నా అని మస్తు యాది జేసుకున్న."

"ఏమన్నా తేలిందా?"

"చానా తేలినయ్. ఏవో చెప్పుమని అడగకు."

ఆయన లేచి లోపలికి పోయి వాము డబ్బా తెచ్చి, "ఇది ఇగ వద్దా?" అన్నాడు. అప్పుడప్పుడు జంతికల్లో వేసుకుందామన్నాను.

సాయంత్రం కోడలు ఒక ఉపాయం చెప్పింది. చీటీ రాసి డాక్టరు చేతికి ఇద్దామంది. "మీకు రాయడం అలవాటే కదా అత్తయ్యా." మా అబ్బాయి చెప్పులు వెతుక్కుంటూ, "రేపు నేను బయటనే కూసుంటలే అమ్మా, నువ్వొక్కదానివే పో" అన్నాడు. ఇద్దరికీ ఒకే జవాబు చెప్పాను. చీటీ రాయను. నువ్వు బయట కూర్చుంటావో లోపల కూర్చుంటావో నీ ఇష్టం. నాకేమీ అడ్డం కాదు. నేను మాత్రం నోటితో చెప్తాను.

సోమవారం పొద్దున్నే జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు దాటి ఆసుపత్రికి వెళ్లాం. పేరు పిలిచారు. మా అబ్బాయి లేచాడు, ఒక క్షణం నిలబడ్డాడు, నాతోపాటే లోపలికి వచ్చి ఎప్పటి కుర్చీలోనే కూర్చున్నాడు.

డాక్టరు రిపోర్టు చూసి సంతోషించాడు. "వెరీ గుడ్ అమ్మా. షుగర్ బాగా తగ్గింది. మాత్ర చక్కగా పనిచేస్తోంది. కంటిన్యూ చేద్దాం." చెయ్యి అప్పుడే బెల్లు మీదికి పోయింది. "ఇంకేం లేదుగా?"

"ఉన్నది. బెల్లు కొట్టకండి సార్."

ఆయన తలెత్తాడు.

"నాకు యోనిల ఈస్ట్ ఇన్ఫెక్షన్. దురద, మంట, తెల్లబట్ట. తగ్గుతది, మళ్ల వస్తది. మీరు ఈ మాత్ర మొదలుపెట్టినప్పటి సంది ఇదే బతుకు. లేడీ డాక్టరు పరీక్ష చేయించింది, కాయితం ఇదిగో. ఈ మాత్ర గురించి మీతోటి మాట్లాడుమన్నది."

నా పక్క కుర్చీ కిర్రుమంది. అంతకుమించి ఏమీ కాలేదు. గదిలో ఫ్యాను తిరుగుతూనే ఉంది. డాక్టరు కాగితం చదివాడు.

"రెండేళ్లా? ముందే చెప్పాల్సింది కదమ్మా."

"మీరు ముందే అడగాల్సింది సార్. ఈ మాత్రతోటి ఇట్లయితదని మీకెరుకే గదా. రాసిచ్చేటప్పుడు ఒక్క మాటన్నా చెప్పలే."

మా అబ్బాయి "అమ్మా" అన్నాడు మెల్లగా. డాక్టరు కోప్పడతాడేమో అనుకున్నాను, కోప్పడితే ఇంకో రెండు మాటలు సిద్ధంగా పెట్టుకున్నాను కూడా. ఆయన కోప్పడలేదు. కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టి, "అడగాల్సిందే" అన్నాడు.

ఆ మాత్ర ఆపేసి వేరేది రాశాడు. గుండె సంగతి చూసుకోవడానికి ఇంకో పరీక్ష రాశాడు. వారం వారం మింగేది ఆర్నెల్లూ తప్పకుండా వాడమన్నాడు, మాత్ర మార్చినంత మాత్రాన రేపటికల్లా పోదని, పోయాక మళ్లీ రాదని కూడా తాను మాట ఇవ్వలేనని చెప్పాడు. ఆ మాట నాకు నచ్చింది. ఆర్నెల్లు కాదు, అవసరమైతే ఏడాది వాడతాను. దీనికి లొంగేది లేదు.

"ఆ వారానికి ఒకటి ఏసుకునేది, బీపీ మాత్రతోటి కలిపి ఏసుకోవచ్చా డాక్టర్?" అని అడిగాడు మా అబ్బాయి. నేను వాడి మొహం చూడలేదు. చూస్తే వాడు సిగ్గుపడేవాడు.

బయటికి వచ్చి మందుల చీటీ కోసం కౌంటరు దగ్గర నిలబడ్డాం. నా తర్వాత లోపలికి వెళ్లింది నా ఈడు మనిషే, కొడుకో అల్లుడో పక్కనున్నాడు. తలుపు పూర్తిగా పడలేదు. డాక్టరు గొంతు వినబడింది. "షుగర్ సరే అమ్మా. మూత్రం దగ్గర మంట గాని, దురద గాని, తెల్లబట్ట గాని ఏమన్నా ఉందా? ఉంటే చెప్పండి, మందు మారుద్దాం."

ఆమె ఏమందో వినబడలేదు. తలుపు సందులోంచి చూస్తే, పక్కనున్న మగవాడి వైపు చూస్తోంది.

"పోదామా అమ్మా?" అన్నాడు మా అబ్బాయి.

"ఆగు బిడ్డా. ఆమెను చెప్పనీ" అన్నాను.